కుడి డొక్కలో ఆగని నొప్పా? వారం దాటనివ్వకండి

పిత్తాశయం వాపుకు చిన్న రంధ్రాల ఆపరేషన్: డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ లబ్ధిదారులకు వివరణ

ఈ ఫైలు చదవడానికి పది నిమిషాలు చాలు. ఇంట్లో పెద్దవాళ్లుంటే చదివి వినిపించండి. ఇప్పుడు మీకు ఏ నొప్పీ లేకపోయినా ఫోన్‌లో దాచుకోండి. అవసరం వచ్చేది సాధారణంగా రాత్రిపూటే.

ముందు మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మా పిన్నికి సంక్రాంతి మర్నాడు కడుపునొప్పి మొదలైంది. పండగ తిండి, గ్యాస్ అనుకున్నాం. సోడా తాగించాం, బిళ్లలు మింగించాం. ఇంజెక్షన్ వేయిస్తే ఒక పూట తగ్గింది, మళ్లీ వచ్చింది. జ్వరం వస్తే జ్వరం మాత్ర ఇచ్చాం. పదకొండో రోజున స్కానింగ్ చేయిస్తే పిత్తాశయం వాచిపోయి, చుట్టూ ఉన్న కండకు అతుక్కుపోయిందన్నారు. ఇప్పుడు ముట్టుకోవడం ప్రమాదం, మందులతో చల్లార్చి ఆరు వారాల తర్వాత చేద్దామన్నారు. ఆ ఆరు వారాల్లో నొప్పి మళ్లీ రెండుసార్లు తిరగబెట్టింది. చివరికి పెద్ద కోతతో ఆపరేషన్ అయ్యింది. ప్రాణం దక్కింది. కానీ నాలుగు చిన్న రంధ్రాలతో మూడు రోజుల్లో అయిపోవాల్సిన పని మూడు నెలలు పట్టింది.

డబ్బు లేక కాదు. పథకం కార్డు మా బీరువాలోనే ఉంది. ఆలస్యం చేసింది మేమే. ఈ తప్పు మీ ఇంట్లో జరగకూడదనే ఈ వివరణ.

పిత్తాశయం అంటే ఏమిటి?

కుడివైపు పక్కటెముకల కింద కాలేయం (లివర్) ఉంటుంది. దాని అడుగున చిన్న బేరిపండు ఆకారంలో వేలాడే సంచే పిత్తాశయం. గాల్ బ్లాడర్ అనేదీ దీన్నే. కాలేయం తయారుచేసే పైత్యరసాన్ని ఇది నిల్వచేసి చిక్కబరుస్తుంది. మనం నూనె, నెయ్యి, మాంసం తిన్నప్పుడు గట్టిగా ముడుచుకుని ఆ రసాన్ని సన్నని గొట్టం ద్వారా పేగులోకి పంపుతుంది.

కొందరిలో ఈ రసం గడ్డకట్టి రాళ్లు అవుతాయి. రాయి ఉన్నంత మాత్రాన జబ్బు కాదు. చాలామందికి రాళ్లున్నట్టే తెలియదు, ఏ బాధా ఉండదు. అలాంటివారికి సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు. కానీ ఏదో ఒకరోజు ఒక రాయి వెళ్లి సంచి మూతి దగ్గర ఇరుక్కుంటుంది. రసం బయటికి పోయే దారి ఉండదు. సంచి ఉబ్బుతుంది, గోడ వాస్తుంది, తర్వాత చీము పట్టొచ్చు. డాక్టర్లు దీన్ని అక్యూట్ కోలిసిస్టైటిస్ అంటారు. ఈ వాపు వచ్చిన పదిమందిలో తొమ్మిది మందికి పైగా కారణం రాయే.

మూడు ప్రమాద హెచ్చరికలు

గోదావరి పక్కన ఉన్నవాళ్లం. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది అని మన పిల్లలు కూడా చెబుతారు. లంకల్లో ఉన్నవాళ్లు మూడో హెచ్చరిక దాకా ఆగరు. మొదటి దానికే పశువుల్ని ఏటిగట్టు మీదికి తోలుకొస్తారు. ఒంట్లో వచ్చే ఈ నొప్పినీ అలాగే చూడండి.

మొదటి హెచ్చరిక: బాగా నూనె తిండి తిన్న గంటా రెండు గంటలకు పొట్ట పైభాగంలో గానీ, కుడి డొక్కలో గానీ పట్టేసినట్టు నొప్పి వస్తుంది. కొన్ని గంటల్లో దానంతట అదే పోతుంది. ఇలా రెండుసార్లు వస్తే తీరిక చేసుకుని స్కానింగ్ చేయించుకోండి.

రెండో హెచ్చరిక: నొప్పి ఆరు గంటలు దాటినా తగ్గదు. కుడి భుజంలోకో, వీపు వెనక రెక్కలోకో పాకుతుంది. వాంతులు, జ్వరం ఉంటాయి. గట్టిగా ఊపిరి పీల్చినా, దగ్గినా పోటు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. రేపు అనకండి.

మూడో హెచ్చరిక: కళ్లు పచ్చబడటం, చలితో వణుకు, మూత్రం ముదురు రంగులోకి మారడం, మాట తడబడటం, కళ్లు తిరిగి పడిపోవడం. వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి. రాయి జారి పెద్ద గొట్టంలో అడ్డంపడి ఉండొచ్చు. చీము రక్తంలోకి చేరి ఉండొచ్చు.

షుగర్ ఉన్నవాళ్ల గురించి, డెబ్బై దాటిన పెద్దవాళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వీళ్లకు లోపల వాపు ముదిరిపోయినా పైకి నొప్పి తక్కువగానే తెలియొచ్చు. అన్నం సయించడం లేదు, నీరసంగా ఉంది, కొద్దిగా జ్వరం అన్నా తేలిగ్గా తీసుకోకండి.

గ్యాస్ నొప్పా, ఇదా? ఎలా తెలుస్తుంది?

ఇంట్లో కూర్చుని కచ్చితంగా చెప్పలేం. గ్యాస్ నొప్పి సాధారణంగా త్రేన్పు వస్తేనో, విరేచనం అయితేనో తేలికపడుతుంది. పిత్తాశయం నొప్పి అలా వదలదు. ఎటు తిరిగి పడుకున్నా ఉంటుంది. ఒక్క జాగ్రత్త: పొట్ట పైభాగంలో నొప్పితో పాటు చెమటలు, ఆయాసం, ఛాతీలో బరువు ఉంటే అది గుండెపోటు కూడా కావచ్చు. అప్పుడు ఆలోచించకుండా 108కి చేయాలి.

ఆసుపత్రిలో డాక్టరు గారు కుడి పక్కటెముకల కింద చెయ్యి నొక్కిపెట్టి ఊపిరి పీల్చమంటారు. పోటుతో ఊపిరి మధ్యలో ఆగిపోతే అనుమానం బలపడుతుంది. తర్వాత రక్తపరీక్షలు, పొట్ట అల్ట్రాసౌండ్ స్కానింగ్. రాయి ఎక్కడుంది, సంచి గోడ ఎంత మందంగా వాచింది, చుట్టూ నీరు చేరిందా అన్నది స్కానింగ్‌లో కనిపిస్తుంది. ఇందులో రేడియేషన్ ఉండదు. గర్భిణులకూ చేయవచ్చు.

ఎందుకంత తొందర?

ఈ వివరణ మొత్తంలో ముఖ్యమైన విషయం ఇదే.

వాపు వచ్చిన మొదటి రోజుల్లో సంచి చుట్టూ చేరేది ఎక్కువగా నీరే. పొరలు మెత్తగా ఉంటాయి, ఒకదాన్నుంచి ఒకటి సులువుగా విడివడతాయి. రోజులు గడిచేకొద్దీ ఆ పొరలు గట్టిపడి పక్కనున్న పేగుకు, కాలేయానికి, పైత్యరసం పోయే పెద్ద గొట్టానికి అతుక్కుంటాయి. అప్పుడు ఏది సంచి, ఏది గొట్టం అని విడదీయడం చెయ్యి తిరిగిన డాక్టరుకు కూడా కష్టం.

పాత రోజుల్లో "ముందు మందులతో చల్లారుద్దాం, ఆరు వారాలయ్యాక ఆపరేషన్" అనేవారు. ఇప్పుడు ప్రపంచమంతటా పద్ధతి మారింది. జర్మనీ, స్లొవేనియా దేశాల్లోని 35 ఆసుపత్రుల్లో 618 మంది రోగులతో చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. సగం మందికి ఆసుపత్రిలో చేరిన 24 గంటల్లో ఆపరేషన్ చేశారు. మిగతావారికి మందులిచ్చి, 7 నుంచి 45 రోజుల మధ్య చేశారు. వెంటనే చేసినవారిలో వందకు సుమారు 12 మందికి ఇబ్బందులు వచ్చాయి. ఆగినవారిలో వందకు సుమారు 34 మందికి వచ్చాయి. ఆసుపత్రిలో ఉన్న రోజులు కూడా వెంటనే చేసినవారికి సగటున 5, ఆగినవారికి 10. కూలి పని చేసుకునే ఇంటికి ఆ ఐదు రోజుల తేడా చిన్నది కాదు.

అందుకే ఇప్పుడు డాక్టర్లు పాటించే సూచన: వీలైతే మొదటి మూడు రోజుల్లో, లేకపోతే వారం లోపు. పది రోజులు దాటితే చాలాసార్లు ఆగక తప్పదు. ఆ ఎదురుచూపులో దాదాపు ఆరుగురిలో ఒకరికి నొప్పి తగ్గకో, తిరగబెట్టో అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సి వస్తుంది.

కాబట్టి నొప్పి ఏ రోజు, ఎన్ని గంటలకు మొదలైందో కాగితం మీద రాసిపెట్టుకోండి. డాక్టరు గారికి మొట్టమొదట అదే చెప్పండి.

చిన్న రంధ్రాల ఆపరేషన్ ఎలా చేస్తారు?

దీన్ని లాప్రోస్కోపీ అంటారు. కొందరు కీహోల్ ఆపరేషన్ అంటారు. ఇది కొత్త ప్రయోగం కాదు. 1985 సెప్టెంబరు 12న జర్మనీలో డాక్టర్ ఎరిక్ మ్యూ ఈ పద్ధతిలో మొదటిసారి పిత్తాశయం తీశారు. మన దేశంలో 1990లో ముంబై జేజే ఆసుపత్రిలో డాక్టర్ టెహెమ్టన్ ఉద్వాడియా మొదలుపెట్టారు. ఇప్పుడు పిత్తాశయం తీయడానికి ఇదే మామూలు పద్ధతి.

ముందు నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా సెలైన్, యాంటీబయాటిక్, నొప్పి మందు పెడతారు. తర్వాత పూర్తి మత్తు ఇస్తారు. మీకు ఏమీ తెలియదు. బొడ్డు దగ్గర ఒక సెంటీమీటరు కోత పెట్టి పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ నింపుతారు. పొట్ట గోడ గుడారంలా పైకి లేచి లోపల పనిచేయడానికి చోటు దొరుకుతుంది. ఆ కోతలోంచి కెమెరా వెళ్తుంది. ఇంకో మూడు చిన్న రంధ్రాల్లోంచి సన్నని పనిముట్లు వెళ్తాయి. డాక్టరు టీవీ తెర మీద చూస్తూ పనిచేస్తారు. సంచికి వెళ్లే చిన్న గొట్టం, రక్తనాళం రెండూ స్పష్టంగా కనిపించాకే క్లిప్పులు వేసి కత్తిరిస్తారు. సంచిని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ఒక రంధ్రంలోంచి బయటికి తీస్తారు.

రాళ్లు మాత్రమే తీసి సంచిని ఉంచరు. ఉంచితే మళ్లీ రాళ్లు వస్తాయి.

"పెద్ద కోత పెట్టారు" అంటే తప్పు జరిగినట్టు కాదు

మొదలుపెట్టాక లోపల బాగా అతుక్కుపోయి ఉంటే, రక్తం ఆగకపోతే, గొట్టం స్పష్టంగా కనబడకపోతే డాక్టరు పద్ధతి మార్చి కుడి పక్కటెముకల కింద పెద్ద కోత పెట్టవచ్చు. కొన్నిసార్లు సంచిలో కొంత భాగం మాత్రమే తీసి బయటపడతారు. ప్రాణం కాపాడటానికి తీసుకునే జాగ్రత్త అది. సంతకం పెట్టే ముందు ఈ సంగతి మీకు చెప్పాలి, మీరూ అడగాలి.

దాచకుండా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. పైత్యరసం పోయే పెద్ద గొట్టానికి దెబ్బ తగలడం ఈ ఆపరేషన్‌లో అందరూ భయపడే ప్రమాదం. ఇది వెయ్యిలో మూడు నుంచి ఐదుగురికి జరుగుతుంది. అరుదే, కానీ జరిగితే మళ్లీ పెద్ద చికిత్స కావాలి. వాపు ముదిరేకొద్దీ ఈ ప్రమాదమూ పెరుగుతుంది. త్వరగా రమ్మనడానికి ఇది ఇంకో కారణం.

కామెర్లు ఉంటే ముందుగా నోటి ద్వారా గొట్టం పంపి పెద్ద గొట్టంలో అడ్డుపడ్డ రాయిని తీయాల్సి రావచ్చు. మన వైపు కామెర్లు అనగానే పసరు మందు గుర్తొస్తుంది. రాయి అడ్డంపడి వచ్చిన కామెర్లకు పసరు పనిచేయదు. ఆ రెండు మూడు రోజులు వృథా అయితే ప్రాణం మీదికి వస్తుంది.

పథకం కింద ఉచితంగా: ఏం చేయాలి?

2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకమే ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. మీరు ఇంకా ఆరోగ్యశ్రీ అనే అడిగినా అందరికీ అర్థమవుతుంది. పిత్తాశయం తొలగింపు ఆపరేషన్ ఈ పథకం చికిత్సల జాబితాలో ఉంది.

1. బయల్దేరే ముందు 104కి ఫోన్ చేయండి. "పిత్తాశయం ఆపరేషన్ పథకం కింద చేసే ఆసుపత్రి దగ్గరలో ఏది?" అని అడగండి. ప్రతి నెట్‌వర్క్ ఆసుపత్రిలోనూ ప్రతి చికిత్సా ఉండదు. ఈ ఒక్క ఫోన్‌తో ఒక రోజు తిరుగుడు తప్పుతుంది. కాకినాడ, రాజమహేంద్రవరం ప్రభుత్వ బోధనాసుపత్రుల గురించి కూడా అడగండి.

2. ఆధార్, రైస్ కార్డు లేదా ఆరోగ్య కార్డు, పాత స్కానింగ్ రిపోర్టులు, రోజూ వాడే మందుల చీటీ ఒక సంచిలో పెట్టుకోండి. వాటి ఫొటోలు ఫోన్‌లో కూడా ఉంచుకోండి.

3. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే వైద్యమిత్ర కౌంటర్‌కు వెళ్లండి. పేరు నమోదు చేయించడం, కాగితాలు చూడటం, మీ తరఫున మాట్లాడటం వారి పని.

4. స్కానింగ్, రక్తపరీక్షల రిపోర్టులతో ఆసుపత్రివారు ఆన్‌లైన్‌లో అనుమతి అడుగుతారు. ట్రస్టు డాక్టర్లు చూసి మంజూరు చేస్తారు. పరిస్థితి అత్యవసరమైతే ఫోన్ ద్వారా ముందస్తు అనుమతి తీసుకునే వీలుంది. "అనుమతి వచ్చేదాకా ఇంటికెళ్లి రండి" అని ఎవరైనా అంటే అక్కడినుంచే 104కి ఫోన్ చేయండి.

5. పరీక్షలు, ఆపరేషన్, మత్తు, మందులు, భోజనం, ఇంటికి వెళ్లే బస్సు ఛార్జీ ప్యాకేజీలో భాగం. ఇంటికి పంపేటప్పుడు పది రోజుల మందులు కూడా ఇవ్వాలి. విడిగా డబ్బు అడిగితే రశీదు అడగండి, వైద్యమిత్రకు చెప్పండి, 104లో ఫిర్యాదు చేయండి.

కేదారిలంక, మిగతా లంకల్లో ఉన్నవారికి ఒక మాట. జులై, ఆగస్టు నెలల్లో రెండో హెచ్చరిక లాంటి నొప్పి వస్తే నది ఎలా ఉందో చూసుకుని వెంటనే గట్టు ఇవతలికి వచ్చేయండి. 2022 జులై వరద గుర్తుంది కదా. రాత్రిపూట పడవ మీద రోగిని దాటించాల్సిన పరిస్థితి తెచ్చుకోవద్దు. ఏఎన్ఎం, ఆశా కార్యకర్తల నంబర్లు ఇప్పుడే ఫోన్‌లో వేసుకోండి.

సంతకం పెట్టే ముందు అడగాల్సిన ఐదు ప్రశ్నలు

1. నొప్పి మొదలై ఇన్ని రోజులైంది. ఈ దఫాలోనే ఆపరేషన్ చేయవచ్చా?
2. ఆగమంటే కారణం ఏమిటి? ఎన్ని వారాలు? ఈలోగా నొప్పి వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?
3. పెద్ద గొట్టంలో రాయి ఉందా?
4. రక్తం పలుచబడే మందులు, షుగర్ మందులు ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి?
5. తీసిన సంచి పరీక్ష రిపోర్టు ఎప్పుడు వస్తుంది?

చివరి ప్రశ్న మర్చిపోకండి. తీసిన పిత్తాశయాన్ని ల్యాబ్‌లో పరీక్షిస్తారు. చాలా అరుదుగా అందులో క్యాన్సర్ బయటపడుతుంది. రిపోర్టు తెచ్చుకోకుండా వదిలేయకూడదు.

ఇంటికి వచ్చాక

ఒకటి రెండు రోజులు కుడి భుజం లాగినట్టుంటుంది. లోపల నింపిన గ్యాస్ వల్ల అది, తగ్గిపోతుంది. మర్నాటి నుంచే మెల్లగా నడవండి. మొదట తేలికైన తిండి, తర్వాత కొద్దికొద్దిగా మామూలు తిండి. పథ్యం పేరుతో నెలల తరబడి కారంపొడి అన్నం తినక్కర్లేదు. నూనె మాత్రం కొన్నాళ్లు తగ్గించండి. కొందరికి కొన్ని వారాలు విరేచనాలు పలుచగా అవుతాయి.

ఇంటి పనులు వారం, రెండు వారాల్లో చేసుకోవచ్చు. బరువు పనికి మాత్రం తొందరపడకండి. ధాన్యం బస్తాలు మోసేవారు, కొబ్బరి దింపు, వలుపు పనివారు డాక్టరు చెప్పేదాకా ఆగండి. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు. పెద్ద కోత అయితే ఇంకా ఎక్కువ.

జ్వరం, కళ్లు పచ్చబడటం, పెరుగుతున్న నొప్పి, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బరం, కుట్ల దగ్గర చీముగానీ పచ్చని నీరుగానీ కనిపిస్తే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెంటనే తిరిగి వెళ్లండి.

మీరు తరచుగా అడిగేవి

*కొండపిండి ఆకు తింటే రాళ్లు కరగవా?*
ఆ ఆకు పేరు చెప్పేది కిడ్నీ రాళ్లకు. పిత్తాశయం మూత్రం పోయే దారిలో లేదు. ఎంత నీళ్లు తాగినా ఆ రాళ్లు మూత్రంలో పోవు.

*సంచి తీసేస్తే అన్నం అరుగుతుందా?*
అరుగుతుంది. పైత్యరసం చేసేది కాలేయం. సంచి నిల్వ ఉంచేది మాత్రమే. ఇకమీదట రసం నేరుగా పేగులోకి వెళ్తుంది.

*ఇంజెక్షన్‌తో నొప్పి పోయింది. ఇంకా వెళ్లాలా?*
వెళ్లాలి. నొప్పి తెలియకుండా పోయిందంతే, రాయి అక్కడే ఉంది. మా పిన్ని విషయంలో మేం మోసపోయింది సరిగ్గా ఇక్కడే.

*గర్భిణికి చేయవచ్చా?*
చేయవచ్చు. మధ్య మూడు నెలలు ఎక్కువ అనుకూలం. నిర్ణయం సర్జన్, కాన్పుల డాక్టరు కలిసి తీసుకుంటారు.

*నాన్నగారికి ఎనభై ఏళ్లు, గుండె జబ్బు. తట్టుకుంటారా?*
వయసు ఒక్కటే అడ్డు కాదు. ఆపరేషన్ తట్టుకోలేని స్థితి అయితే బయటినుంచి సన్నని గొట్టం వేసి చీము తీసే దారి కూడా ఉంది. ఏది మేలో పరీక్షలు చూసి డాక్టర్లు చెబుతారు. వాళ్లు చెప్పాలంటే ముందు మీరు తీసుకెళ్లాలి.

ఫోన్‌లో దాచుకోవాల్సింది ఇంతే

ఆరు గంటలు దాటిన నొప్పి గ్యాస్ కాదనుకోండి. నొప్పి మొదలైన తేదీ, గంట రాసుకోండి. 104కి చేసి ఆసుపత్రి పేరు తెలుసుకోండి. కళ్లు పచ్చబడితే, వణుకు వస్తే 108. కార్డు బీరువాలో కాదు, చేతి సంచిలో ఉండాలి.

ఈ ఫైలును మీ వీధి గ్రూపులో, డ్వాక్రా గ్రూపులో పంపండి. ఫోన్ లేని పెద్దవాళ్లకు మీరే చదివి వినిపించండి.